రాయిలా పడుండే విషపు చేపతో హైదరాబాద్ వాళ్ళకి పనేంటి?

"స్టోన్‌ఫిష్ అని రాయిలా కదలకుండా పడుండే విషపు చేప ఒకటి ఉందట, సముద్రమే లేని హైదరాబాద్‌లో మనకి దాని భయం దేనికి?" అని అడిగారు. మీరు సముద్రం దాకా పోనక్కర్లేదండీ. దాని చుట్టాలే ప్లాస్టిక్ కవర్లో లిఫ్టెక్కి మీ ఫ్లాటుకి వచ్చేస్తాయి.

మా బావకి ఉప్పునీటి అక్వేరియం పిచ్చి. నిజాంపేటలో ఆ బోరునీళ్ళు మనుషులు నోట్లో పెట్టుకోలేరు, ఆయనేమో చేపలకి ఆర్‌ఓ నీళ్ళల్లో సముద్రపు ఉప్పు కలిపి మీటరుతో కొలిచి మరీ పోస్తాడు. అక్క గొడవ అక్క చేస్తూనే ఉంటుంది, అది వేరే కథ.

ఓసారి వాస్ప్ ఫిష్ అని తెచ్చాడు. స్టోన్‌ఫిష్‌కి దూరపు బంధువు. జానెడు కూడా ఉండదు, అచ్చం ఎండుటాకు. నీళ్ళు కదిలితే అదీ ఆకులాగే అటూ ఇటూ ఊగుతుంది. వీపు మీది రెక్క కళ్ళ దగ్గర్నుంచే మొదలవుతుంది, ఆ రెక్క ముళ్ళల్లో విషముంటుంది. షాపువాడు "చాలా సాఫ్ట్ సార్, ఎవర్నీ ఏమనదు" అన్నాడట. నిజమే, అది వచ్చి కుట్టదు. మనమే పోయి దాని మీద చెయ్యేస్తాం.

అద్దానికి పట్టిన నాచుని మాగ్నెట్‌తో గీకుతుంటే అది జారి అడుగున పడింది, బావ చెయ్యి పెట్టాడు. చూపుడువేలి మీద సూదిమొనంత చుక్క, అంతే. మనిషి మాత్రం గోడకి తల కొట్టుకుంటున్నాడు. అత్తయ్య పసుపు తెచ్చింది, వాచ్‌మన్ మణికట్టుకి తాడు కట్టమన్నాడు, పక్కింటాయన ఐసు అన్నాడు. నేను గీజర్ వేశాను. ఈ జాతి విషం ప్రొటీన్, వేడికి దాని పస పోతుంది. 45 డిగ్రీలు దాటకుండా వేణ్ణీళ్ళలో 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. కుట్టిన చేతికి వేడి సరిగ్గా తెలీదు, రెండో చెయ్యి పెట్టి చూసుకోవాలి, లేదంటే బొబ్బలెక్కుతాయి. చల్లారినప్పుడల్లా మళ్ళీ పోస్తూ కూర్చున్నాం. కాసేపటికి బావ తిట్లు మొదలుపెట్టాడు, అంటే నొప్పి తగ్గినట్టే.

తర్వాత ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమోనని, టీటీ కోసమని ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు మొదటి ప్రశ్న "పాము ఏ రంగులో ఉంది?" చేప అని చెప్తే నమ్మడే! మృగశిర కార్తెకి బతికున్న కొర్రమీనుని గొంతులో వేసుకునే ఊరు మనది, చేప కుట్టిందంటే ఎవరు నమ్ముతారు లెండి.

నన్నడిగితే తప్పంతా అమ్మేవాళ్ళది. వంద రూపాయల గోల్డ్‌ఫిష్ కొంటే మేత గురించి గంట క్లాసు పీకుతారు, ముళ్ళల్లో విషమున్నదాన్ని అమ్ముతూ ఒక్క ముక్క చెప్పరు. ట్యాంకు మీద చిన్న స్టిక్కరు అంటిస్తే వీళ్ళ సొమ్మేం పోతుంది?

అసలు స్టోన్‌ఫిష్ అయితే ఇంకా ఘోరం. వీపున 13 ముళ్ళు. దాని విరుగుడు మందు ఆస్ట్రేలియాలో 1959 నుంచీ ఉంది, మన పాముకాటు ఇంజెక్షన్ దానికి పనికిరాదు. ఊపిరి ఆడకపోయినా, గుండె పట్టేసినట్టున్నా వేణ్ణీళ్ళంటూ ఇంట్లో కూర్చోకుండా 108కి కొట్టండి. అండమాన్ ట్రిప్పుకి పోతే మాత్రం పగడపు దిబ్బల దగ్గర మోకాల్లోతు నీళ్ళే కదా అని హవాయి చెప్పులతో దిగకండి, ఆ ముల్లు అందులోంచి కూడా దిగుతుంది.