మేనకోడళ్లతో హనుమకొండలో రెండు రోజులు: ఏం చూపించాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న చదివాను. హనుమకొండలో మీరు ఒక్కరే ఉంటున్నారు. ఏడేళ్లూ పదేళ్లూ ఉన్న మీ అక్కగారి కూతుళ్లు హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున వచ్చి ఆదివారం వెళ్తారు. ఈ రెండు రోజులూ వాళ్లకు విసుగు పుట్టకుండా ఎలాగన్నదే కదా మీ బెంగ? మా అన్నయ్య కూతుళ్లు సెలవు దొరికితే చాలు, నా దగ్గర వాలిపోతారు. వాళ్లిద్దరి వయసులూ ఇంచుమించు ఇవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు పెట్టిన జాబితా చూశాను. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, జూ, రామప్ప, లక్నవరం, చివర్లో మాల్. అది విహారయాత్ర బస్సువాళ్ల జాబితా. అందులో సగం కొట్టేయండి. పూటకు ఒక్క చోటు చాలు, మిగతా సమయం ఇంట్లోనే గడవనివ్వండి. రామప్ప గొప్ప గుడే. 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కానీ అది ఉన్న పాలంపేట ఇక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. రానుపోను దూరమంతా చిన్నమ్మాయి నిద్రలోనే గడిచిపోతుంది, దిగాక చిరాకు పడుతుంది. వేసవి సెలవుల్లో నాలుగు రోజులు ఉండడానికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. మాల్ సంగతంటారా, హైదరాబాద్ పిల్లలకు ఇక్కడి మాల్‌లో కొత్తగా చూడాల్సినదేమీ లేదు.

శనివారం రైలు దిగి, టిఫిన్ తిని, కాసేపు దొర్లాక సాయంత్రం వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లండి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ ఒకే చోట మూడు గర్భగుడులు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. పిల్లలకు నచ్చేది నంది. నల్లరాతి మీద ఆ నునుపు చూసి మా చిన్నది నంది మెడలోని గంటల్లో తన ముఖం కనిపిస్తుందేమోనని వంగి వంగి చూసింది. స్తంభాలు లెక్కపెడతామంటే పెట్టనివ్వండి, మధ్యలో వాళ్లే వదిలేస్తారు. విడదీసిన కల్యాణమండపాన్ని ఏళ్ల తరబడి పని చేసి మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. ఒక్కో రాయినీ విప్పి తిరిగి పేర్చారని చెబితే పెద్దమ్మాయి కళ్లు పెద్దవవుతాయి, ఆ వయసు పిల్లలకు బొమ్మలు విప్పి బిగించడమంటే ఇష్టం కదా. అక్కడి నుంచి ఓపిక ఉంటే భద్రకాళి చెరువు కట్ట మీద కాసేపు నడక, లేదంటే నేరుగా ఇల్లు.

కోటను ఆదివారం ఉదయానికి ఉంచుకోండి. ఎండ ముదరకముందే, తెరవగానే లోపల ఉండాలి. ఇద్దరికీ పదిహేనేళ్ల లోపే కాబట్టి టికెట్ అక్కర్లేదు, మీకు మాత్రం తీసుకోవాలి. నీళ్ల సీసాలు, టోపీలు మరచిపోవద్దు. శిల్పాలున్న ఆవరణలో నీడ తక్కువ.

ఇక్కడ ఉపన్యాసం ఇవ్వకండి, పని అప్పగించండి. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని ఫోనులో చూపించి, మధ్యలో ఉన్న తోరణాన్ని వెతకమనండి. చిహ్నంలోని చార్మినార్ వాళ్లకు రోజూ కనిపించేదే, దాని చుట్టూ ఉన్నదేమిటో మాత్రం ఎప్పుడూ గమనించి ఉండరు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉంటాయి, మధ్యలో స్వయంభూ దేవాలయ శిథిలాలు. మొదటి తోరణం కనబడగానే మా పెద్దది పరుగెత్తి కింద నిలబడి, తల వెనక్కు వాల్చి, పైన దూలం మీది హంసలను వేలితో చూపిస్తూ 'అత్తా, చిహ్నంలో పక్షులు సరిగా కనబడవు, ఇక్కడైతే ముక్కులు కూడా ఉన్నాయి' అంది. నాలుగూ అచ్చంగా ఒకేలా ఉన్నాయా, ఎక్కడైనా తేడా ఉందా అని అడిగితే చాలు, వాళ్లే ఒకదాని నుంచి ఇంకోదానికి తిరుగుతారు, మీరు చెట్టు కింద కూర్చోవచ్చు. చిన్నమ్మాయికి వేరే పని: కింద వరుసగా పేర్చిన విరిగిన శిల్పాల్లో ఏనుగులు వెతకడం. రాళ్ల మీదికి ఎక్కకూడదని లోపలికి వెళ్లకముందే ఒక్కసారి గట్టిగా చెప్పండి.

రుద్రమదేవి కథ మాత్రం కోటగోడ పక్కనే చెప్పాలి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను కూతురు పూర్తి చేసిందనీ, మగవాళ్లే ఏలాలనే కాలంలో మగ పేరుతో, మగ వేషంలో సింహాసనం ఎక్కిందనీ చెబితే ఆడపిల్లలకు వెంటనే అందుతుంది. ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. 'ఆమెకు పెళ్లయిందా, పిల్లలున్నారా, జడ ఎక్కడ దాచుకునేది?' జడ సంగతికి నా దగ్గర జవాబు లేదు. మిగతావాటికి ఉంది: నిడదవోలు చాళుక్య వీరభద్రుడు భర్త, కూతుళ్లు పుట్టారు, తర్వాత రాజైన ప్రతాపరుద్రుడు ఆమె కూతురి కొడుకు. అమ్మమ్మ నుంచి మనవడికి రాజ్యం వచ్చిందన్న మాట మా ఇంట్లో చాలా రోజులు నడిచింది. దగ్గర్లోనే ఖుష్‌మహల్ ఉంది, గోడలు ఏటవాలుగా ఉంటాయి, లోపల చల్లగా ఉంటుంది. కాసేపు కూర్చోవడానికి అది చాలు.

జూకు వెళ్లాలనిపిస్తే కోటను వదిలేసి హంటర్ రోడ్డుకు వెళ్లండి. రెండూ ఒకే పూట పెట్టకండి. హైదరాబాద్‌లో పెద్ద జూ చూసిన పిల్లలైతే నేను కోటకే ఓటేస్తాను. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి రాసులు చూపిద్దామని కూడా ఎవరో మీకు సలహా ఇచ్చారు. ఆ ఘాటుకు పెద్దవాళ్లే తుమ్ముతూ బయటికి వస్తారు. శనివారం ఖాళీ మిగిలితే కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల ఇంటి వైపు వెళ్లండి. ముందుగా అడిగి, పని చెడకుండా దూరంగా నిలబడితే మగ్గం చూడనిస్తారు. రంగునూలు పడుగులోంచి అటూ ఇటూ పోతూ చారలుగా మారడాన్ని మా పిల్లలు కదలకుండా చూశారు.

ఇక ఇల్లు. అసలు వినోదమంతా ఇక్కడే ఉంది. శనివారం రాత్రి సర్వపిండి పెట్టుకోండి. మీరు వంట అంతంతమాత్రమే అన్నారు కదా, దీనికి అది చాలు. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, ఉప్పు, పిల్లలకు తగ్గట్టు కారం, కొద్దికొద్దిగా నీళ్లు. కలపడం చిన్నమ్మాయికి ఇవ్వండి. నూనె రాసిన లోతు గిన్నెలో అడుగున, అంచుల మీదికి పలుచగా ఒత్తడం పెద్దమ్మాయికి. ఆ తర్వాత వేలితో చిల్లులు పెట్టడం దగ్గర ఇద్దరూ తగువుపడతారు, సగం సగం పంచండి. చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నమంట మీద ఉంచే పని మీది. రెండో వాయికి వేడి గిన్నెలో పిండి ఒత్తలేరు, చేతులు కాలుతాయి. అందుకని రెండు గిన్నెలు పెట్టుకోండి, లేదా మీరే గిన్నెను నీళ్లతో పూర్తిగా చల్లార్చి ఇవ్వండి. అడుగు ఎర్రగా వేగి అంచులు విడితే అయినట్టే. మాడిన ముక్క కోసమే మా ఇంట్లో పోటీ.

ఇంకో రెండు మాటలు, ఇవి మగవాళ్లకు తట్టవు. జడలు వేయడం మీకు వచ్చా? రాకపోతే ఇప్పుడే అక్కగారిని అడిగి నేర్చుకోండి, లేదా పెద్దమ్మాయి చెల్లికి వేయగలదేమో కనుక్కోండి. దువ్వెన, రబ్బరు బ్యాండ్లు, నూనె ఇంట్లో ఉంచండి. ఎవరికి ఏది పడదో, జ్వరం వస్తే ఏ మందు ఎంత వేయాలో కాగితం మీద రాయించుకోండి. అమ్మకు వీడియో కాల్ భోజనానికి ముందే అయిపోవాలి. పడుకునే వేళ అమ్మ ముఖం కనిపిస్తే చిన్నమ్మాయి ఏడుపు అందుకుంటుంది, తర్వాత మీ కథలేవీ పనిచేయవు. అష్టాచెమ్మా గీయడానికి సుద్దముక్క, నాలుగు గవ్వలు ఉంటే ఆ గంట తేలిగ్గా గడుస్తుంది. గవ్వలు లేకపోతే చింతగింజలు అరగదీసి వాడండి.

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. సీట్లు ముందే రిజర్వు చేయించండి, లేదా కోట నుంచి వచ్చి అన్నం తినగానే మధ్యాహ్నం రైలుకే కాజీపేటలో ఎక్కించుకుని వెళ్లండి.