పెళ్లయిన విద్యార్థిని సోరోరిటీలో చేరవచ్చా?

చేరవచ్చు. భర్తతో అమెరికా వెళ్లి, ఇరవై ఎనిమిదో ఏట బ్యాచిలర్ డిగ్రీ మొదలుపెట్టానని, ఈ వయసులో సోరోరిటీ తలుపు తట్టవచ్చా అని మీరు అడిగారు. సంకోచం వద్దు.

సోరోరిటీలంటే గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే మహిళా విద్యార్థి సంఘాలు. వాటిలో 26 సంఘాలకు ఉమ్మడి వేదిక 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్. దాని ఉమ్మడి నియమాల్లో పెళ్లి గురించి గానీ వయసు గురించి గానీ నిషేధం లేదు. డిగ్రీ విద్యార్థినిగా నమోదై ఉండాలి, అదే వేదికలోని మరో సంఘంలో అంతకుముందు దీక్ష తీసుకుని ఉండకూడదు. ఒక్కో సంఘానికి సొంత నిబంధనలూ ఉంటాయి కనుక ముందే అడగండి.

నిజమైన చిక్కు ఇల్లు, సమయం, డబ్బు. కొన్ని శాఖలు సభ్యులు సంఘం ఇంట్లోనే ఉండాలంటాయి. మీకు అది కుదరదు కాబట్టి మినహాయింపును రాతపూర్వకంగా తీసుకున్నాకే చందా కట్టండి. కొత్త సభ్యులను తీసుకోవడానికి జరిగే, పద్దెనిమిదేళ్ల అమ్మాయిలతో కిక్కిరిసే ప్రధాన ఎంపిక వారం కన్నా, ఖాళీలున్న శాఖలు ఏడాది పొడవునా జరిపే అనధికారిక ఎంపికలే మీకు నయమని నా అభిప్రాయం. అక్కడ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

1998లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన డెల్టా ఫై ఒమేగా వంటి దక్షిణాసియా సోరోరిటీలూ ఉన్నాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా వంటి నల్లజాతి మహిళల చారిత్రక సంఘాలు పట్టభద్రులకూ వేరే శాఖలు నడుపుతాయి.

ఒక జాగ్రత్త: చాలాచోట్ల పూర్తికాల విద్యార్థిని అయి ఉండాలంటారు. హెచ్-1బి వంటి ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసాతో పూర్తికాలం చదవవచ్చు. విద్యార్థి వీసా ఉన్నవారి భార్యకు ఇచ్చే ఎఫ్-2తో డిగ్రీ చదువు పాక్షికంగానే కుదురుతుంది.