ఎర్ర మాత్రలకు పెరగని రక్తం

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది ఉద్దానం, మందస దగ్గర పల్లె. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్తాను. మా పెద్దపాపకు 24 ఏళ్లు, పెళ్లయింది. ఎండాకాలం నుంచి నీరసం, ఆయాసం. ఒంట్లో రక్తం లేదని ఎర్ర మాత్రలిచ్చారు. నాలుగు నెలలు మింగినా పెరగలేదు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయించాం. పొద్దున్న లేచాక వేళ్లు ముడవలేకపోతోంది, జుట్టు ఊడిపోతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మా ఊళ్లో ఏదొచ్చినా కిడ్నీ అంటారు. క్రియాటినిన్ 0.8 వచ్చింది. బ్లడ్ క్యాన్సరేమోనని అల్లుడు బెంగపెట్టుకున్నాడు. రిపోర్టు జత చేశాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, రిపోర్టు చూసినవాళ్లంతా హిమోగ్లోబిన్ 7.6 దగ్గరే ఆగిపోయినట్టున్నారు. కింది వరుసలు కూడా చూడాలి. తెల్లకణాలు 2,900 (కనీసం 4,000 ఉండాలి). ప్లేట్‌లెట్లు 92,000 (లక్షన్నర ఉండాలి). ఎంసీవీ 103. ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు. ఐరన్ లోపమైతే కణం చిక్కిపోయి ఆ అంకె 80 కిందికి దిగుతుంది. మీ పాపకు పైకెళ్లింది. పైగా ఐరన్ లేనంత మాత్రాన తెల్లకణాలు ఇలా పడిపోవు. అందుకే ఆ ఎర్ర ఐరన్ మాత్రలు పనిచేయకపోవడంలో వింతేం లేదు.

ఈ అంకెలకు వేళ్ల బిగుతు, జుట్టు ఊడడం కూడా కలిపి చూస్తే నాకు వచ్చిన మొదటి అనుమానం లూపస్. ఒంటిని కాపాడే రోగనిరోధక వ్యవస్థే తన కణాల మీద పడే జబ్బు. రోగుల్లో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. ఇందులో 120 రోజులు బతకాల్సిన ఎర్రకణాన్ని ప్లీహం (పాత రక్తకణాలను వడగట్టే అవయవం) ముందే విరిచేస్తుంది. ఆ విరిగిన రక్తంలోని పసుపే కళ్లలోకి వస్తుంది. కామెర్లన్నీ కాలేయానివే కావు. పసరు ఆపేయండి.

ఆ సూది బహుశా స్టిరాయిడ్. వారం బాగుండడం కూడా నా అనుమానానికే బలమిస్తోంది. కానీ పరీక్షలకు రక్తం ఇచ్చేదాకా మళ్లీ వేయించకండి. అసలు జబ్బును అది కప్పేస్తుంది. క్యాన్సర్ ఉన్నా సరే, దాన్నీ కప్పేస్తుంది.

శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించి బ్లడ్ స్మియర్ (రక్తకణాలను మైక్రోస్కోపులో చూడడం), రెటిక్యులోసైట్ కౌంట్, డైరెక్ట్ కూంబ్స్ (ఎర్రకణాలకు యాంటీబాడీలు అతుక్కున్నాయా అని చూసేది), ఎల్‌డీహెచ్ (కణాలు విరిగితే పెరిగేది), బి12 విటమిన్, ఏఎన్‌ఏ (లూపస్ అనుమానంతో చేసే యాంటీబాడీ పరీక్ష) గురించి అడగండి. బి12 ఎందుకంటే, అది బాగా తగ్గినా మూడు రకాల కణాలూ పడిపోతాయి, కణం పెద్దదవుతుంది, కళ్లు కూడా కాస్త పచ్చబడతాయి. తేడా చెప్పేది రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాలు: బి12 లోపంలో తక్కువ, కణాలు విరిగిపోతుంటే ఎక్కువ. ఏఎన్‌ఏ ఒక్కటే పాజిటివ్ వస్తే గాభరా పడొద్దు, ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి వస్తుంది. క్యాన్సర్ కాదని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. స్మియర్ తేడాగా ఉంటే ఎముక మజ్జ పరీక్ష చేస్తారు.

కిడ్నీ సంగతి. కిడ్నీ దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది, కానీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 ఉన్నవాళ్లకు ఆ కారణంగా తగ్గదు. అలాగని మూత్రపరీక్ష మానకండి. మీ ఉద్దానంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. లూపస్ కిడ్నీకి పాకితే మాత్రం క్రియాటినిన్ బాగున్నప్పుడే మూత్రంలో ప్రోటీన్ పోతుంది.

లూపసే అని తేలితే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర, కొన్నాళ్లు స్టిరాయిడ్, విశాఖలో రుమటాలజిస్టు (ఇలాంటి జబ్బులు, కీళ్ల జబ్బులు చూసే డాక్టరు) దగ్గర వైద్యం. స్టిరాయిడ్‌ను డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. జబ్బు ఆరు నెలలైనా అదుపులో ఉన్నాకే కడుపు పండించుకోవాలి, ఈ మాట వియ్యపురాలికి మీరే చెప్పండి.

జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఒంటిమీద ఎర్రచుక్కలు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ రక్తం ఎక్కించాలంటే కూంబ్స్ రిపోర్టు ముందుగా బ్లడ్ బ్యాంకువాళ్ల చేతికివ్వండి. ఇలాంటివాళ్లకు సరిపడే రక్తం వెతకడానికి వాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది.