మాఘం దాటాక ఉమామహేశ్వరం మెట్ల దారి

బిడ్డా,

దసరా సెలవుల్లో పిల్లలను తీసుకుని రంగు మారిన ఆకులు చూడడానికి నల్లమల వస్తామని రాశావు. అప్పుడు రావద్దు. వానలు అప్పుడప్పుడే వెనక్కి తగ్గి ఉంటాయి, అడవి ఇంకా పచ్చగా, చిక్కగా ఉంటుంది. చలిదేశాల్లో పగలు కురచబడి చలి ముదిరితే ఆకు పండుతుంది. మన అడవిలో నేల తడి ఆరితే పండుతుంది. అందుకే ఇక్కడ చూడాల్సింది మాఘ ఫాల్గుణాల్లో. వానలు ఎక్కువ పడ్డ ఏడాది ఇంకొంచెం ఆలస్యమవుతుంది.

దూరం పోవాల్సిన పని లేదు. అచ్చంపేట దగ్గర రంగాపూర్ తెలుసు కదా. కొండ దిగువన భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని వచ్చేవాళ్లలో చాలామంది కారులోనే పైదాకా పోయి, దర్శనం చేసుకుని దిగిపోతారు. మీరు కారు కిందనే ఆపి పాత మెట్ల దారి పట్టండి. పిల్లలు కూడా ఎక్కగలిగే దారే. కానీ గబగబా ఎక్కేస్తే ఏమీ చూడరు.

ముందు చిరుమాను వెతకండి. రాలే ముందు దాని ఆకు రాగి రంగుకు తిరుగుతుంది. పొద్దుటి ఎండ ఆకుకు అవతలి వైపు ఉండేలా నిలబడి చూడండి, అప్పుడే ఆ ఎరుపు తెలుస్తుంది. నెత్తి మీదికి ఎండ వచ్చాక అన్నీ వెలిసినట్టే కనిపిస్తాయి. తపసి చెట్టు ఆకులన్నీ రాల్చి తెల్లటి ఒంటితో నిలబడి ఉంటుంది. దాని బంకను చెంచులు సేకరించి అమ్ముకుంటారు, పిల్లలను బెరడు గీకనివ్వకు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది, దాన్ని మాత్రం చేత్తో తడిమి చూడమను. ఆకు లేని కొమ్మల మీద మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. ఫాల్గుణం ముదిరితే చెట్లు చిగురిస్తాయి. రావి లేత చిగురు కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి పండుటాకు ఏది, లేతాకు ఏది అని పిల్లలను అడుగు. నాకు ఈ దారిలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే, ఒకే కొండ మీద రాలేదీ మొలిచేదీ పక్కపక్కనే కనబడడం.

పొద్దు బాగా పొడిచాకే ఎక్కడం మొదలుపెట్టండి. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు తెల్లవారుజామున, మునిమాపున వాటి కోసం తిరుగుతాయి. పది గంటలకల్లా దిగి వచ్చేయాలి. ఎండుటాకు పరుచుకున్న రాతిమెట్టు జారుతుంది, దిగేటప్పుడు పిల్లల చెయ్యి వదలకు. ఆకుల కింద పాములు ఉండొచ్చు, ఒక కర్ర దగ్గర పెట్టుకుని ముందు తట్టి అడుగు వెయ్యండి. కోతులకు కనబడేటట్టు తినుబండారాలు పట్టుకోవద్దు.

మెట్ల దారి వదిలి అడవిలోకి మాత్రం దిగొద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల తిరగడం నేరం. అల్లుడితో గట్టిగా చెప్పు, సిగరెట్ అగ్గిపెట్టె కారులోనే ఉండాలి. ఆ రోజుల్లో అడవంతా ఎండుటాకే. ఒక్క నిప్పురవ్వ పడితే కొండ మొత్తం అంటుకుంటుంది, గూళ్లలోని పిల్లలూ నేల మీద పాకేవీ తప్పించుకోలేవు. నీళ్ల సీసాలు ఎన్ని తెచ్చారో అన్నీ వెనక్కి తీసుకుపోండి.

శివరాత్రికి శ్రీశైలం రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. అది అయిపోయాక, ఆదివారం కాని రోజు చూసుకోండి. శ్రీశైలం దాకా పోవాలనుకుంటే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రిపూట మూసేస్తారని గుర్తుపెట్టుకో. బయలుదేరే ముందు ఫోన్ చెయ్యి. చిరుమాను ఎంత ఎర్రబడిందో పోయి చూసి, ఏ రోజు రావాలో చెప్తాను.

మీ పెద్దనాయన