రాజాం మిల్లుకెళ్లే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాజాంలో గోగునార మిల్లు మెషీన్లు డ్రై ఐస్‌తో క్లీన్ చేసే కాంట్రాక్టు నీకు దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం.

అది కరిగి నీళ్లయ్యే ఐస్ కాదు. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు. బియ్యపు గింజల్లాంటి గుళికల్ని కంప్రెసర్ గాలి గన్‌లోంచి విసురుతుంది. నార దువ్వే కార్డింగ్ మెషీన్ మీద నూనెలో నానిన పీచుదుమ్ము తారులా పట్టి ఉంటుంది కదా, చలికి అది పెళుసవుతుంది. గుళిక తగిలిన చోటే ఆవిరై దాదాపు 800 రెట్లు ఉబ్బుతుంది. ఆ పొంగుకి జిడ్డు పెచ్చులుగా లేచిపోతుంది. ఆ పెచ్చులు ఊడ్చుకుంటే చాలు. ఇసుకతో కొట్టినప్పుడు ఇసుకని కూడా ఊడ్చి చచ్చేవాళ్లం! అలాగని ముదిరిన తుప్పు పోగొడతానని ఓనరుకి మాటివ్వకు. ఈ గుళికలు మెత్తనివి, దానికి చాలవు.

గన్ ఒకేచోట పట్టుకుని నిలబడొద్దు. ఇనుము కూడా చల్లబడిపోయిందంటే జిడ్డు మొండికేస్తుంది. పైగా మన ఉక్కకి చల్లని ఇనుముకి చెమట పడుతుంది. మోటారైతే పూర్తిగా ఆరాక, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూశాకే కరెంటివ్వు. గుళికల రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, చుట్టూ ఉన్నదేమో రవ్వ పడితే అంటుకునే నారదుమ్ము. ఎర్తింగ్ చూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కకు.

అసలు భయం గ్యాస్‌తోనే. ఒకసారి ఓ మిల్లులో మెషీన్ కింద గుంటలోకి దిగి కొట్టాను. కాసేపటికి తల దిమ్మెక్కింది, ఆయాసం వచ్చింది. ఉక్కపోతేలే అనుకున్నాను. పైనున్న కుర్రాడు చెయ్యి పట్టి లాగబట్టి సరిపోయింది. కిలో ఐస్ నుంచి 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. గుంటలో నీళ్లలా నిండుతుంది, కనపడదు, వాసన రాదు. ఎనిమిది గంటల డ్యూటీకి సగటున 5,000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 5,000 పాళ్లు, హద్దు. ఆ గ్యాస్ కొలిచే మీటరు నడుముకి కట్టుకో, ఫ్యాన్ కిందికి తిప్పు, గుంటలోకి ఒంటరిగా దిగకు.

ఐస్ పెట్టె మూత గాలి చొరకుండా బిగించావంటే పేలుతుంది. వ్యాన్లో నీ పక్కన పెట్టుకోకు, అద్దాలు దించి నడుపు. ఏ రోజుకారోజు తెప్పించుకో, నిల్వ ఉంచితే నీ డబ్బే గాల్లో కలుస్తుంది.

చెవులకి మఫ్‌లు, చేతులకి తోలు గ్లౌజులు ఎలాగూ తెలుసు. ఆదివారం ఇంటికి రా, నా మెగ్గర్ పట్టుకెళ్దువు. బ్యాటరీ మాత్రం నువ్వే కొనుక్కోవాలి.

మీ మావయ్య