పిల్లలతో దీవుల యాత్ర: ముందు నెలను ఎంచుకో

అనంతపురం

చిరంజీవి రవికి మీ చిన్నాయన ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో పిల్లలిద్దరినీ థాయిలాండ్‌లోని ఫుకెట్ తీసుకువెళ్లి, అక్కడ ఒక యాట్‌ను (విహార పడవను) వారం రోజులు అద్దెకు తీసుకుని దీవులు తిరగాలని ఉందని రాశావు. ఆలోచన మంచిదే గానీ ఎంచుకున్న నెల మంచిది కాదు. మే నెల సగానికి వచ్చేసరికి అండమాన్ సముద్రంలో నైరుతి గాలులు మొదలవుతాయి. మనం ఇక్కడ ఆకాశం వంక చూస్తూ ఎదురుచూసే ఆ రుతుపవనాలే అక్కడ అక్టోబరు దాకా అలలను లేపుతాయి. సిమిలన్ దీవుల జాతీయ పార్కును ఏటా మూసి ఉంచేది కూడా ఆ నెలల్లోనే. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలి వీస్తుంది, వానలు తగ్గుతాయి, సముద్రం నెమ్మదిస్తుంది. కాబట్టి ప్రయాణాన్ని సంక్రాంతి సెలవులకు మార్చుకో. అద్దె ఎక్కువవుతుంది, నెలల ముందే మాట్లాడుకోవాలి. అయినా వాంతులతో సొమ్మసిల్లిన పిల్లలను పెట్టుకుని చౌకగా తిరగడం కన్నా అదే మేలు.

పడవ విషయంలో ఎక్కువ ఆలోచించవద్దు. అడుగుభాగం రెండుగా ఉండే కాటమరాన్ గాలికి అంతగా ఒరగదు, లోతు తక్కువ ఉన్న చోటికీ పోగలదు. మనమే నడుపుకునే బేర్‌బోట్ పద్ధతి చౌక అని ఎవరైనా చెప్పినా వినకుండా కెప్టెన్‌తో సహా తీసుకో.

ఇక తిరిగే దారి. మొదటి మూడు రోజులు ఫాంగ్ ఙా అఖాతం దాటి బయటికి పోవద్దు. చుట్టూ భూమి, దీవులు అడ్డు ఉండటం వల్ల ఆ నీళ్లలో అలలు తక్కువ. రోజుకు రెండు గంటలకు మించి ప్రయాణం పెట్టకుండా, మధ్యాహ్నానికల్లా లంగరు వేసేటట్లు కెప్టెన్‌తో ముందే మాట్లాడుకో. అక్కడి సున్నపురాతి దీవుల లోపల ‘హాంగ్’ అనే నీటి మడుగులు ఉన్నాయి. మన బెలుం గుహలో పైకప్పు కూలి ఆకాశం కనబడి, నేలంతా సముద్రపు నీరు నిండితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. వాటిలోకి చిన్న పడవలో, సొరంగం గుండా, నీటిమట్టం అనుకూలించిన కాసేపే పోగలం. అందుచేత పంచాంగం దగ్గర పెట్టుకో. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు, పాటు రెండూ ఎక్కువ; అష్టమి దరిదాపుల్లో తక్కువ. ఏ గంటకు లోపలికి పోవాలో కెప్టెన్ చెప్పినదే వేదం. కో పన్యీ అనే పల్లెలో ఇళ్లన్నీ నీటిలో గుంజల మీద నిలబడి ఉంటాయి, పిల్లలు ఆడుకోవడానికి నీటిపై తేలే ఫుట్‌బాల్ మైదానం కూడా ఉంది. మీ చిన్నవాడు అక్కడి నుంచి కదలడు. ఫీఫీ దీవులను చివరికి ఉంచుకో. పగడాలు కోలుకోవడానికి 2018లో మూసి 2022లో తెరిచిన అక్కడి మాయా బే తీరంలో ఈతకు అనుమతి లేదని పిల్లలకు ముందే చెప్పకపోతే అక్కడ ఏడుపులు తప్పవు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది లైఫ్ జాకెట్. పిల్లల బరువులు ముందే రాసి పంపి, వాటికి సరిపోయేవి, తొడల మధ్య నుంచి పట్టీ వచ్చేవి కావాలని అడుగు. వేసిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడు. జాకెట్ చెవుల దాకా జారి వస్తే అది ఆ బిడ్డది కాదు. డెక్ మీద ఉన్నంతసేపూ తీయకూడదు. డెక్ చుట్టూ ఉన్న తీగలకు వల కట్టించు. ఏ గంటకు ఎవరు కాపలా అన్నది నీవూ కోడలూ పేరు పెట్టి పంచుకోండి. అందరూ చూస్తున్నారులే అనుకున్న చోటే ఎవరూ చూడరు. పెద్దపిల్ల స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చిందన్నావు, కానీ కాలు అందని నీరు, పక్కకు లాగే ప్రవాహం ఆమెకు కొత్త. ఇంజన్ పూర్తిగా ఆపిన తరువాతే ఎవరైనా నీటిలోకి దిగాలి. ఆ నీళ్లలో కుట్టే జెల్లీ చేపలు ఉంటాయి గనుక ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేయించు, ఒక వినిగర్ సీసా దగ్గర ఉంచు. ఎండకు రాసుకునే క్రీములలో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్నవాటిని థాయిలాండ్ సముద్ర పార్కుల్లో 2021 నుంచి నిషేధించారు, డబ్బా చూసి కొను.

రెండేళ్లు దాటి పన్నెండేళ్ల లోపు పిల్లలకే పడవ కుదుపు ఎక్కువగా పడదు. మందు పడవ కదలకముందే వేయాలి, మోతాదు మీ పిల్లల డాక్టరును అడుగు. తల తిరుగుతున్నదంటే క్యాబిన్‌లో పడుకోబెట్టకుండా, ఫోన్ లాగేసి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి దూరంగా కనిపించే గట్టును చూడమను. ఖాళీ కడుపుతో ఉంచవద్దు, కూరి పెట్టవద్దు. ఒక సంచి బొరుగులు తీసుకుపో, ఎంతో ఆదుకుంటాయి. పడవలో మంచినీటి ట్యాంకు చిన్నది, అయితే నీళ్లు పొదుపు చేయడం అనంతపురం పిల్లలకు ఒకరు నేర్పాలా?

చివరగా డబ్బు. చెప్పిన అద్దెలో డీజిల్, సరుకులు, పార్కు రుసుములు ఉన్నాయో లేవో, డిపాజిట్‌లో ఏ నష్టానికి ఎంత కోస్తారో, వాతావరణం బాగాలేక బయలుదేరకపోతే సొమ్ము తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకో. ఒప్పందం కాగితాలు రాగానే అడ్వాన్సు కట్టకముందే నాకు పంపు.

ఇట్లు,
మీ చిన్నాయన