ఇంటి వైరింగు లోపాలు వెతకడానికి తక్కువ ధరలో ఎలాంటి మల్టీమీటర్ కొనాలి?

స్విచ్ బోర్డులు, ప్లగ్గులు, చిన్న మోటార్లలో లోపాలు వెతకడానికి మల్టీమీటర్ కావాలని, 6000 కౌంట్లది ఒకటి, 20000 కౌంట్లది ఒకటి చూసి తేల్చుకోలేకపోతున్నానని, ట్రూ ఆర్ఎంఎస్ (నున్నగా లేని తరంగాల వోల్టేజీని కూడా సరిగా కొలిచే సౌకర్యం) కావాలా అని రాశారు. కౌంట్ల సంగతి (తెర ఎంత సూక్ష్మంగా అంకెలు చూపగలదో చెప్పే లెక్క) పక్కన పెట్టండి. భవనాల ఎలక్ట్రికల్ నిర్వహణే నా వృత్తి. రోజంతా మీటరును నేను అడిగే ప్రశ్నలు మూడే: ఇక్కడికి సరఫరా వస్తోందా, ఈ తీగ మధ్యలో తెగిందా, న్యూట్రలూ ఎర్తూ సరిగా ఉన్నాయా. 230 వోల్టుల చోట 228 చూపినా 233 చూపినా ఈ మూడింటికీ జవాబు మారదు. సరఫరా వోల్టేజీయే అంతకంటే ఎక్కువగా అటూ ఇటూ ఊగుతుంటుంది. కాబట్టి తక్కువ బడ్జెట్‌లో డబ్బు అంకెల మీద పెట్టకండి, మీ చేతికీ కరెంటుకూ మధ్య ఉన్న రక్షణ మీద పెట్టండి.

ఆ రక్షణను తెలిపేది, కొలిచే తీగలు (లీడ్లు) గుచ్చే జాక్‌ల పక్కన ముద్రించే క్యాట్ (కేటగిరీ) గుర్తు. గోడ ప్లగ్గుకు తగిలించే పరికరాలకు క్యాట్ 2, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకూ గోడలోని వైరింగుకూ క్యాట్ 3, బయటి నుంచి సర్వీసు తీగ వచ్చే చోటుకు క్యాట్ 4. చాలామంది పక్కనున్న వోల్టుల అంకె మాత్రమే చూసి, క్యాట్ 3 600 కంటే క్యాట్ 2 1000 గట్టిదనుకుంటారు. నిజం దానికి తలకిందులు. పిడుగుపాటు వల్లనో పెద్ద మోటారు ఆగడం వల్లనో లైన్లో క్షణకాలం వచ్చే వోల్టేజీ పోటును తట్టుకోవడమే ఈ గుర్తు కోసం చేసే పరీక్ష. క్యాట్ 2 1000 మీటరునూ, క్యాట్ 3 600 మీటరునూ 6000 వోల్టుల పోటుతోనే పరీక్షిస్తారు. అయితే క్యాట్ 2 పరీక్షలో ఆ పోటు వెనుక 12 ఓముల నిరోధం ఉంటుంది, క్యాట్ 3లో 2 ఓములే. అంటే మొదటిదానిలో 500 ఆంపియర్లు, రెండోదానిలో 3000 ఆంపియర్లు దూసుకురాగలవు. మీరు మెయిన్ బోర్డు మూత తీసే మనిషైతే క్యాట్ 3 600 వోల్టులకు తగ్గవద్దు.

ముద్రించిన ప్రతి గుర్తునూ నమ్మలేం, అదే చిక్కు. యూరప్ మార్కెట్ కోసం వేసే సీఈ గుర్తును తయారీదారు తనంతట తానే వేసుకోవచ్చు. యూఎల్, సీఎస్ఏ, టీయూవీ, ఇంటర్‌టెక్ లాంటి సంస్థల ముద్ర ఉంటే బయటివాళ్లు పరీక్షించారని అర్థం. అదీ లేకపోతే వెనుక మూత తీసి ఫ్యూజు చూడండి. వేలి గోరంత సన్నని గాజు ఫ్యూజు మీద 250 వోల్టులని ఉండి, మీటరు ముఖం మీద 1000 వోల్టులని రాసి ఉంటే ఆ రాత ఉత్త అలంకారం. ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు కనిపిస్తే తయారుచేసినవాడు కొంత ఆలోచించాడని అనుకోవచ్చు.

ఇప్పుడు నా అసలు సలహా, కొంచెం వింతగా అనిపించవచ్చు: ఆంపియర్లు కొలిచే జాకే లేని మీటరు కొనండి.

ఎందుకంటే ఆంపియర్ల జాక్‌లో లీడు ఉన్నప్పుడు మీటరు లోపల దాదాపు వట్టి తీగే ఉంటుంది. ఆ లీడును తీయడం మరచి వోల్టేజీ చూడబోతే ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య మీరే షార్ట్ పెట్టినట్టు. మా పనిలో ఒక కుర్రవాడు అచ్చంగా ఇలాగే చేశాడు. ఎంసీబీ (షార్ట్ అయితే దానంతటదే ఆగిపోయే స్విచ్) వెంటనే పడిపోయింది కనుక ప్రోబు కొనలు కరిగిపోవడంతో సరిపోయింది. పసుపు రంగులో ఎక్కడపడితే అక్కడ కనిపించే డీటీ-830 రకం మీటర్లలో 10 ఆంపియర్ల జాక్ పక్కన ఫ్యూజు లేదని వాళ్లే అచ్చు వేస్తారు. పైగా ఆ రకం చాలావాటిలో ఏసీ కరెంటు కొలిచే వీలే లేదు, ఆ జాక్ డీసీకి మాత్రమే. బ్యాటరీలు, బొమ్మలు, ఎలక్ట్రానిక్ కిట్ల వరకూ అది చక్కగా పనిచేస్తుంది. గోడ ప్లగ్గు దగ్గరికి మాత్రం దాన్ని తీసుకెళ్లవద్దు.

మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో తెలియాలంటే క్లాంప్ మీటరు ఉంది. తీగ కోయనక్కర లేదు, దవడ తెరిచి తీగ చుట్టూ మూస్తే చాలు. ఫేజు, న్యూట్రలు రెండూ కలిపి పట్టుకుంటే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకొకటి కొట్టేసి సున్నా వస్తుంది, ఒక్క తీగనే పట్టుకోవాలి. ఆంపియర్లు లేని మంచి మల్టీమీటరు ఒకటి, మామూలు ఏసీ క్లాంప్ ఒకటి. అన్నీ ఉన్నట్టు కనిపించే ఒక్క చవక మీటరు కంటే నేను ఈ జంటనే ఎంచుకుంటాను.

తర్వాత, మీకు తప్పకుండా ఎదురయ్యే తలనొప్పి గురించి. స్విచ్ ఆపేసినా తీగలో 60, 80 వోల్టులు కనిపిస్తాయి. ఒక ఇంటివారు ఇది చూసి గోడంతా లీకేజీ ఉందని భయపడి, వైరింగు మొత్తం మార్చడానికి సిద్ధపడ్డారు. అక్కడ ఏ లోపమూ లేదు. ఒకే పైపులో పక్కపక్కన నడిచే తీగలు చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు కాబట్టి ఆ పిసరంత కరెంటు కూడా తెర మీద వోల్టులుగా కనిపిస్తుంది. తక్కువ నిరోధంతో కొలిచే లో-జెడ్ అమరిక ఉన్న మీటరులో అదే తీగ సున్నాకు దగ్గరగా చూపింది. తక్కువ ధరలో లో-జెడ్ దొరికితే వదలకండి, ట్రూ ఆర్ఎంఎస్ కంటే ముందు దీన్నే కోరుకుంటాను. దొరకకపోతే బాగా ఇన్సులేషన్ ఉన్న టెస్ట్ ల్యాంపు ఆ పని చేస్తుంది. వెలగకపోతే అది ఉత్తుత్తి వోల్టేజీ అనే సందేహం బలపడుతుంది. అంతమాత్రాన చేత్తో ముట్టుకోవచ్చని కాదు. ముందు ల్యాంపు పనిచేస్తోందో లేదో తెలిసిన లైను మీద చూసుకోవాలి.

ట్రూ ఆర్ఎంఎస్ కావాలా అన్నారు. సరఫరా తరంగం నున్నగా ఉన్నంతవరకూ అవసరం లేదు. మామూలు మీటరు సగటును కొలిచి దాన్ని 1.11తో గుణించి చూపుతుంది, ఆ లెక్క సైన్ తరంగానికే కుదురుతుంది. చతురస్ర తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద పెడితే అసలు 230 ఉన్నచోట 255 చూపుతుంది. బాగున్న ఇన్వర్టర్‌ను విప్పి కూర్చోవాల్సి వస్తుంది. డిమ్మర్లు, ఇన్వర్టర్లు మీ పనిలో భాగమైతే తీసుకోండి, కాకపోతే ఆ డబ్బు లీడ్లకు ఖర్చు చేయండి.

అవును, లీడ్లు. మీటరు మీద క్యాట్ 3 ఉండి, దాంతో వచ్చిన లీడ్ల మీద ఏమీ రాసి లేకపోతే మొత్తం కలిపి క్యాట్ 3 కాదు. మెత్తని సిలికాన్ తొడుగు, జాక్ వైపు లోహం బయటికి కనపడని ప్లగ్గు, కొనలకు మూతలు ఉండాలి. మూత వేస్తే 4 మిల్లీమీటర్ల లోహం మాత్రమే బయట ఉంటుంది, ఇరుకు బోర్డులో రెండు టెర్మినళ్లను ఒకేసారి తాకే ప్రమాదం తగ్గుతుంది.

కంటిన్యుటీ బీప్‌ను (తీగ తెగకుండా ఉంటే మీటరు చేసే శబ్దాన్ని) కొనేముందే పరీక్షించండి. రెండు కొనలూ చకచకా తాటించి చూస్తే శబ్దం వెంటనే రావాలి. అర సెకను ఆలస్యంగా మోగేదానితో పది తీగల కట్టలో ఒకదాన్ని వెతకడం చిరాకు. బీప్ వచ్చినంత మాత్రాన అతుకు బాగుందనుకోకండి, చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల వరకూ మోగుతూనే ఉంటాయి. వదులైన న్యూట్రల్ అతుకు బీప్ పరీక్షలో హాయిగా నెగ్గేస్తుంది. 0.5 ఓముల అతుకును ఓమ్ రేంజిలోనూ పట్టలేరు, లీడ్ల నిరోధమే దాదాపు అంత ఉంటుంది. దాన్ని పట్టాలంటే లోడు నడుస్తుండగా అతుకుకు అటూ ఇటూ వోల్టేజీ కొలవాలి. 10 ఆంపియర్లు పోతుంటే అక్కడ 5 వోల్టులు కనిపిస్తాయి, అంటే ఆ ఒక్క చోట 50 వాట్ల వేడి పుడుతోందన్నమాట. బోర్డు మాడిన వాసనకు కారణం చాలాసార్లు అదే. ఈ కొలతకు కావలసింది నమ్మదగిన వోల్టేజీ రేంజి, అంతే. ఇన్సులేషన్ లోపాలు మాత్రం మల్టీమీటరుకు అందవు, ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ కావాలి.

మిగతావి క్లుప్తంగా. మోటారు కెపాసిటర్లు చూస్తారు కనుక కెపాసిటెన్స్ రేంజి పనికొస్తుంది (ముందు సరఫరా తీసేసి కెపాసిటర్‌ను డిస్చార్జి చేయాలి). తెర వెనుక వెలుతురు మంచిదే, బోర్డులు ఎప్పుడూ చీకటి మూలల్లోనే ఉంటాయి. ట్రాన్సిస్టర్ సాకెట్టు, ఉష్ణోగ్రత, బ్లూటూత్ మీకు అక్కర లేదు. తాకకుండానే కరెంటు పసిగట్టే ఎన్‌సీవీ సరదాగా ఉంటుంది కానీ, అది మోగలేదని తీగ ముట్టుకోవద్దు. తెలిసిన లైను మీద మీటరు చూసుకుని, పని చేయబోయే తీగ కొలిచి, మళ్లీ తెలిసిన లైను మీద చూసుకోవడమే పద్ధతి.

పేరు చెప్పమంటే, ఆంపియర్లు లేని చిన్న మీటర్లలో ఫ్లూక్ 101 క్యాట్ 3 600 వోల్టులది, కెపాసిటెన్స్ కూడా కొలుస్తుంది, అయితే తెర వెనుక లైటు లేదు. అది మీ బడ్జెట్ దాటితే, మీరు చూసిన రెండు మీటర్ల జాక్‌ల దగ్గర ఒకటి, మూత తీసి ఫ్యూజు కనిపించేలా ఒకటి ఫొటోలు పెట్టండి. రెండింటిలో ఏది నయమో చూసి చెబుతాను.